మొదటి భాగం అని రాసి ముప్ఫై ఏళ్లు: సిస్టర్స్ ఆఫ్ మెర్సీ గ్రేటెస్ట్ హిట్స్ మీద తెగని వాదన

గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ ఏదైనా చేతికొస్తే అభిమాని ముందుగా తిప్పి చూసేది వెనక అట్ట. ఏ పాట ఉంది, ఏది ఎగిరిపోయింది, దేనికి ముందు చోటిచ్చారు, దేన్ని చివరికి నెట్టారు. 1993 ఆగస్టులో బ్రిటన్‌లో వచ్చిన 'ఎ స్లైట్ కేస్ ఆఫ్ ఓవర్‌బాంబింగ్' వెనక అట్ట మీద పన్నెండు పాటలున్నాయి. లీడ్స్ నగరంలో పుట్టిన ది సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే బ్యాండుది ఆ సంకలనం. ఆ పన్నెండు పేర్ల మీద గోథిక్ రాక్ (చీకటి, విషాద ఛాయలున్న రాక్ సంగీతం) శ్రోతలు అప్పుడు మొదలుపెట్టిన వాదన ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం ఆ పట్టీ కూర్చిన తీరులోనే ఉంది.

పట్టీ ఇలా సాగుతుంది. 'అండర్ ది గన్', 'టెంపుల్ ఆఫ్ లవ్ (1992)', 'విజన్ థింగ్', 'డెటొనేషన్ బూలెవార్డ్', 'డాక్టర్ జీప్', 'మోర్', 'లుక్రీషియా మై రిఫ్లెక్షన్', 'డొమీనియన్/మదర్ రష్యా', 'దిస్ కరోజన్', 'నో టైమ్ టు క్రై', 'వాక్ అవే', 'బాడీ అండ్ సోల్'. మొదటిది ఆ ఏడాదే చేసిన కొత్త పాట. చివరిది 1984 నాటిది. అంటే కాలం ఇక్కడ ముందుకు నడవదు, వెనక్కి నడుస్తుంది. అదీ ఏదో స్థూలంగా కాదు. 1987 సెప్టెంబరులో 'దిస్ కరోజన్', 1988 మొదట్లో 'డొమీనియన్', ఆ తర్వాత 'లుక్రీషియా' సింగిల్స్‌గా, అంటే విడి పాటల రికార్డులుగా వచ్చాయి. డిస్కు మీద అవి సరిగ్గా తలకిందులుగా ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో ఉన్నాయి. 1984 నాటి 'వాక్ అవే', 1985 నాటి 'నో టైమ్ టు క్రై' కూడా అలాగే తిరగబడి కూర్చున్నాయి.

ఈ వరుసలో ఒక్క ముడి ఉంది. రెండో స్థానంలో ఉన్న 'టెంపుల్ ఆఫ్ లవ్' నిజానికి 1983 నాటి పాట. రచన ప్రకారం చూస్తే ఈ డిస్కు మీద అన్నిటికన్నా పాతది అదే. కానీ 1992లో కొత్తగా రికార్డు చేసిన రూపంలో ఉంది కాబట్టి కొత్త పాటల పక్కన కూర్చుంది. 1984కు ముందున్న బ్యాండుకు ఈ సంకలనంలో దొరికిన చోటు అదొక్కటే, అదీ కొత్త బట్టలు వేసుకున్నాకే. అభిమానుల మనస్తాపాలన్నీ విడదీసి చూస్తే చివరికి ఈ ముడి దగ్గరికే చేరతాయి.

ఎవరి బ్యాండు ఇది

1980లో లీడ్స్‌లో ఆండ్రూ ఎల్డ్రిచ్, గ్యారీ మార్క్స్ కలిసి మొదలుపెట్టారు. పేరు లెనార్డ్ కోహెన్ పాటలోంచి తీసుకున్నారు. మొదట్లో డ్రమ్స్ వాయించింది ఎల్డ్రిచ్చే. ఆ తర్వాత డ్రమ్మర్ స్థానంలో బాస్ డీఆర్-55 అనే చిన్న యంత్రం వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే చప్పుళ్లు: కిక్, స్నేర్, రిమ్‌షాట్, హై-హ్యాట్. దానికి 'డాక్టర్ అవలాంచ్' అని పేరు పెట్టి బ్యాండు సభ్యుడిగా లెక్కేశారు. యంత్రాలు మారాయి, మనుషులు అంతకన్నా వేగంగా మారారు, డాక్టర్ మాత్రం ఉన్నాడు. తొలినాళ్ల సిస్టర్స్ ధ్వనిలో కనిపించే ఆ మొండి పట్టు, అలుపు లేని దరువు ఈ యంత్రం ఇచ్చినవే. మనిషి డ్రమ్మర్ కోరస్ దగ్గర కాస్త ముందుకు తోస్తాడు, చరణం దగ్గర కాస్త వెనక్కి లాగుతాడు. యంత్రం ఆ పని చేయదు. పాటలో ఎత్తుపల్లాలు తేవాల్సిన భారమంతా గిటార్ల మీద, ఎల్డ్రిచ్ లోతు గొంతు మీద పడుతుంది.

1983 చివర్లో గిటారిస్టు వేన్ హస్సీ చేరాడు. బేస్ వాయించే క్రెయిగ్ ఆడమ్స్ అప్పటికే ఉన్నాడు. 1985 మార్చిలో 'ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్' వచ్చింది. అదే ఏడు మార్క్స్ వెళ్లిపోయాడు, జూన్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీతో ఆ అధ్యాయం ముగిసింది. హస్సీ, ఆడమ్స్ బయటికెళ్లి ది మిషన్ పెట్టుకున్నారు. ఎల్డ్రిచ్ 1987లో పట్రీషియా మారిసన్‌ను పక్కన పెట్టుకుని 'ఫ్లడ్‌ల్యాండ్' చేశాడు. 1990లో మళ్లీ కొత్త జట్టుతో 'విజన్ థింగ్'. ఈ మూడు ఆల్బముల్లో అన్నిటా ఉన్నది ఎల్డ్రిచ్ గొంతూ, యంత్రమూ మాత్రమే.

కాబట్టి సిస్టర్స్ గ్రేటెస్ట్ హిట్స్ అంటే ఒకే బ్యాండు ప్రయాణం అనుకోకూడదు. ఒకే పేరు కింద పనిచేసిన మూడు బ్యాండులు ఒక డిస్కు పంచుకున్నట్టు లెక్క. పన్నెండు పాటల్లో వాటాలు చూస్తే విషయం తేలుతుంది. 'విజన్ థింగ్' నుంచి నాలుగు, 'ఫ్లడ్‌ల్యాండ్' నుంచి మూడు, 'ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్' నుంచి రెండు, ఆల్బమ్‌లో చేరని 1984 సింగిల్ ఒకటి, 1992–93 రికార్డింగులు రెండు. 1980 నుంచి 1983 దాకా సొంత లేబుల్ మెర్సిఫుల్ రిలీజ్ మీద, చిన్న ఖర్చుతో చేసిన అసలు రికార్డింగుల్లోంచి ఒక్కటి కూడా లేదు.

హిట్ అనే మాటకు లెక్క

లేని పాటల జాబితాలో ముందుండేవి 'ఆలిస్', 'మారియన్'. 'ఆలిస్' 1982 నాటి సింగిల్, గోథిక్ క్లబ్బుల్లో నేల అదిరేలా చేసిన పాట. దాన్ని నిర్మించింది సైకెడెలిక్ ఫర్స్ గిటారిస్టు జాన్ ఆష్టన్. 'మారియన్' 1985 ఆల్బమ్‌లోది. మధ్యలో జర్మన్ భాషలో ఒక చరణం ఉంటుంది. సిస్టర్స్ పాటల్లో దేన్ని ఎక్కువగా ప్రేమిస్తారని పాత శ్రోతలను అడిగితే వచ్చే జవాబుల్లో ఈ రెండూ తప్పకుండా ఉంటాయి. అలాంటప్పుడు ఇవి లేని పట్టీని గ్రేటెస్ట్ అని ఎలా పిలుస్తారన్నది వాళ్ల ప్రశ్న.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. హిట్ అంటే చార్టులో ఎక్కిన సింగిల్. 'మారియన్' బ్రిటన్‌లో సింగిల్‌గా రానే లేదు. 'ఆలిస్' వచ్చింది ఇండిపెండెంట్ లేబుల్ మీద, ప్రధాన చార్టుకు బయట. మరి ఉన్నవాటి సంగతి? బ్రిటన్ సింగిల్స్ చార్టులో 'టెంపుల్ ఆఫ్ లవ్ (1992)' 3వ స్థానం దాకా వెళ్లింది. 'దిస్ కరోజన్' 7, 'డొమీనియన్' 13, 'మోర్' 14, 'అండర్ ది గన్' 19, 'లుక్రీషియా' 20, 'డాక్టర్ జీప్' 37. ఇక్కడి దాకా మాట నిలబడుతుంది. డిస్కు చివరి మూడు పాటల దగ్గరికొచ్చేసరికి 'వాక్ అవే' 45, 'బాడీ అండ్ సోల్' 46, 'నో టైమ్ టు క్రై' 63. 'విజన్ థింగ్' టైటిల్ పాటైతే బ్రిటన్‌లో సింగిలే కాదు. అదే ఆల్బమ్ నుంచి జర్మనీలో సింగిల్‌గా వచ్చిన 'వెన్ యు డోంట్ సీ మీ' మాత్రం ఇక్కడ లేదు.

అంటే చార్టు కొలమానం మీద మొత్తం పట్టీ నిలవదు. అభిమానుల ఇష్టం కొలమానం మీదా నిలవదు. నిలిచేది మూడో కొలమానం మీద: పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరాక, అంటే 1984 నుంచి, ఈ బ్యాండు ఏం చేసింది? ఆ ప్రశ్నకు ఈ డిస్కు చక్కటి జవాబు. 'బాడీ అండ్ సోల్' దగ్గర ఎందుకు ఆగిందో కూడా దాంతో అర్థమవుతుంది, ఆ ఒప్పందం కింద వచ్చిన మొదటి రికార్డు అదే.

ఇంకో సంగతి మరచిపోకూడదు. ఈ సంకలనానికి ఏడాదిన్నర లోపు ముందు, 1992 వసంతంలో 'సమ్ గర్ల్స్ వాండర్ బై మిస్టేక్' వచ్చింది. 1980–83 రికార్డింగులు పంతొమ్మిది ట్రాకులుగా అందులో ఉన్నాయి. 'ఆలిస్' అక్కడ ఉంది, 'రెప్టైల్ హౌస్' ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) మొత్తం ఉంది, పాత 'టెంపుల్ ఆఫ్ లవ్' ఉంది, స్టూజెస్ 'నైన్టీన్ సిక్స్టీ నైన్', రోలింగ్ స్టోన్స్ 'గిమ్మీ షెల్టర్' కవర్లూ ఉన్నాయి. ఆ డిస్కు బ్రిటన్ ఆల్బమ్ చార్టులో 5వ స్థానానికి చేరింది. 'ఓవర్‌బాంబింగ్' చేరింది 14కు. హిట్లు లేని పాత పాటల మూట హిట్ల మూటను దాటి పైకి వెళ్లిందన్నమాట. పాత పాటలను అడుగుతున్నవాళ్లు నలుగురే కారని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. కొత్త 'టెంపుల్ ఆఫ్ లవ్' ఆ పాత పాటల డిస్కును జనంలోకి తీసుకెళ్లడానికే విడుదలైంది కాబట్టి ఆ పాట బలమూ అందులో ఉంది.

ఒకే గుడి, రెండు తలుపులు

ఇక ఆ పాట దగ్గర కాసేపు ఆగాలి. 1983 'టెంపుల్ ఆఫ్ లవ్' పన్నెండు అంగుళాల రికార్డు మీది పొడుగు రూపం ఏడున్నర నిమిషాలు దాటుతుంది. యంత్రం పరుగు తీస్తుంటే గిటార్లు సన్నగా, చల్లగా, కోసినట్టు మోగుతాయి. ఎల్డ్రిచ్ గొంతు చుట్టూ ప్రతిధ్వని పెట్టి, నేలమాళిగలో నిలబడి పాడుతున్నట్టు వినిపింపజేశారు. స్టూడియోలో డబ్బు తక్కువ, ఊపు ఎక్కువ. ధ్వనిలో కింది భాగం పలచగా ఉంటుంది. అందుకే పాట బరువు మీద కాకుండా వేగం మీద నడుస్తుంది.

1992 రూపంలో ముందుగా పట్టుకునేది ఓఫ్రా హాజా గొంతు. యెమెన్ యూదు కుటుంబంలో పుట్టిన ఇజ్రాయెల్ గాయని ఆమె. అప్పటికే 'ఇమ్ నిన్ఆలు'తో యూరప్‌ అంతా తెలిసిన పేరు. ఎల్డ్రిచ్ గొంతు కింద ఎక్కడో తిరుగుతుంటే ఆమె గొంతు పైన గమకాలతో తేలుతుంది. మధ్యలో ఖాళీగా మిగిలే ఆ జాగాలో గిటార్లు మునుపటికన్నా లావుగా, డ్రమ్స్ మునుపటికన్నా బరువుగా నిండుతాయి. నిడివి ఎనిమిది నిమిషాల పైచిలుకు. పెద్ద హాలులో, పెద్ద స్పీకర్ల మీద ఈ రూపం గెలుస్తుంది. చిన్న గదిలో, రాత్రి పూట, హెడ్‌ఫోన్లలో పాతదే గెలుస్తుంది.

పాత శ్రోతల బాధ కొత్త రూపం బాగాలేదని కాదు. వాళ్లలో చాలామంది ఓఫ్రా హాజా గొంతును మెచ్చుకుంటారు. గ్రేటెస్ట్ హిట్స్ అనే ముద్ర పడిన డిస్కు మీద ఒక పాట ఏ రూపంలో ఉంటుందో, తర్వాతి తరానికి ఆ పాట అదే రూపంలో మిగిలిపోతుంది. రేడియో దాన్నే వేస్తుంది, డీజే దాన్నే తీస్తాడు. 1983 రూపం క్రమంగా 'పాత వెర్షన్' అయిపోతుంది. 1983లో ఆ పాట చేసిన జట్టులో మార్క్స్, ఆడమ్స్ ఉన్నారు. 1992 నాటికి వాళ్లు లేరు. పాట ఉంది, వాయించినవాళ్ల చేతులు చెరిగిపోయాయి. ఈ అభ్యంతరంలో న్యాయముంది.

వెనక్కి నడిస్తే చెవికి ఏమవుతుంది

సంకలనాలు సాధారణంగా మొదటి సింగిల్‌తో మొదలై ముందుకు సాగుతాయి. సూక్సీ అండ్ ది బ్యాన్షీస్ 1981లో తెచ్చిన 'వన్స్ అపాన్ ఎ టైమ్', ది క్యూర్ 1986లో తెచ్చిన 'స్టాండింగ్ ఆన్ ఎ బీచ్' రెండూ అదే పద్ధతి. క్యూర్ అయితే శ్రోతను ఇంకా బాగా చూసుకుంది: సీడీకి వేరే పేరు పెట్టి అదనంగా నాలుగు పాటలు చేర్చారు, క్యాసెట్ రెండో వైపు బి-సైడ్లు (సింగిల్ రికార్డుల వెనక వైపు పాటలు) నింపారు. అలాంటి డిస్కు వింటుంటే బ్యాండు ఎదగడం వినిపిస్తుంది. చేతికి కొత్త వాద్యాలు రావడం, స్టూడియో పెద్దదవడం, పాట రాసే చెయ్యి తిరగడం మెట్టు మెట్టుగా తెలుస్తాయి.

'ఓవర్‌బాంబింగ్'లో మెట్లు దిగాలి. ఈ దిగుడు అన్నిటికన్నా గట్టిగా తగిలేది తొమ్మిదో పాటకూ పదో పాటకూ మధ్య. 'దిస్ కరోజన్' నిర్మాత జిమ్ స్టైన్‌మన్. న్యూయార్క్ కోరల్ సొసైటీ నుంచి నలభై గొంతులు తెచ్చి పాట నెత్తిన పెట్టాడు. 'ఫ్లడ్‌ల్యాండ్' సీడీ మీద ఆ పాట పదకొండు నిమిషాలకు కాస్త తక్కువ. బృందగానం, కీబోర్డులు, దరువు అన్నీ కలిసి గోడలా వచ్చి పడతాయి. ఆ గోడ ఆగిన మరుక్షణం 'నో టైమ్ టు క్రై' మొదలవుతుంది. గిటార్లు ముందున్న, కోరస్ ఎఫెక్టు పూసిన, 1985 నాటి పొడి స్నేర్ ఉన్న మామూలు నిడివి రాక్ పాట అది. దానంతట అది వింటే ఎంతో బిగువైన పాట. స్టైన్‌మన్ తర్వాత వింటే స్పీకర్ ఒకటి పాడైందేమో అనిపిస్తుంది. తప్పు పాటది కాదు, కూర్పుది. చెవి పెద్ద ధ్వనికి అలవాటు పడ్డాక చిన్న ధ్వని దాని అసలు కొలతకన్నా ఇంకా చిన్నగా వినిపిస్తుంది. ఆ దెబ్బ హస్సీ, మార్క్స్ గిటార్లు కలిసి మోగిన కాలానికే తగిలింది.

ఇది కావాలనే చేశారా అంటే పట్టీ తనే చెబుతుంది. గోథిక్ అనే ముద్రను ఎల్డ్రిచ్ ఏనాడూ ఒప్పుకోలేదు, ఎన్నో ఇంటర్వ్యూల్లో దాన్ని తోసిపుచ్చాడు. అలాంటి మనిషి తన బ్యాండును పరిచయం చేయాల్సి వస్తే 1993 నాటి పెద్ద రాక్ ధ్వనినే ముందు పెడతాడు, పొగమంచు రోజులను తోక దగ్గర ఉంచుతాడు. కొత్తగా వినేవాడు మొదటి ఆరు పాటలతోనే ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు. ఆ ఆరింటిలో నాలుగు 'విజన్ థింగ్'వి, మూడు బ్యాండుల్లో గోథిక్ శ్రోతలు అతి తక్కువగా తమదనుకునే జట్టువి. ఆ ఆల్బమ్ పేరే అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ నోట వచ్చిన మాట. రాజకీయ వ్యంగ్యం, అమెరికన్ హైవే గిటార్లు, వేగం. మంచి ఆల్బమే. కానీ నల్ల లేసు, తెల్ల పొగ కోసం వచ్చినవాళ్లకు అది పక్క వీధి.

విరుగుడు మాత్రం సులువు, పైసా ఖర్చు లేదు. డిస్కును పన్నెండు నుంచి ఒకటికి వినాలి. 'బాడీ అండ్ సోల్'తో మొదలుపెట్టి 'వాక్ అవే', 'నో టైమ్ టు క్రై' వినేసరికి చెవి 1984–85 ధ్వనికి సర్దుకుంటుంది. అప్పుడు 'దిస్ కరోజన్' బృందగానం వస్తే, 1987లో ఆ పాట మొదటిసారి విన్నవాళ్లకు కలిగిన అదురు ఎలాంటిదో తెలుస్తుంది. అదే పాట, అదే డిస్కు. 'లుక్రీషియా'లో బేస్ గిటార్ ఒక్కటే పాట మొత్తాన్ని ఎలా మోస్తుందో, 'మోర్' ఆ భారాన్ని మళ్లీ గిటార్ల మీదికి ఎలా మారుస్తుందో కూడా ఈ దిశలోనే స్పష్టంగా వినబడుతుంది.

యాప్‌లో సొంత పట్టీ చేసుకునేవాళ్లు ముందు రెండు పాటలు చేర్చుకుంటే లోటు చాలావరకు తీరుతుంది: 'సమ్ గర్ల్స్' నుంచి 'ఆలిస్', 1983 'టెంపుల్ ఆఫ్ లవ్'. 'నో టైమ్ టు క్రై' తర్వాత 'మారియన్' పెట్టాలి. 'టెంపుల్' వెతికేటప్పుడు జాగ్రత్త కావాలి, ఎందుకంటే పొడుగు, పొట్టి, పాత, కొత్త రూపాలన్నీ ఒకే పేరుతో ఎదురవుతాయి. ఆడగొంతు వినిపిస్తే అది 1992ది. వినిపించకుండా ఏడు నిమిషాలు దాటితే కావలసిన 1983 పన్నెండు అంగుళాలది. నాలుగు నిమిషాల్లో అయిపోతే సింగిల్ కోసం కత్తిరించినది, దాన్ని వదిలేయడం మేలు. యాప్‌లో అన్ని పాటలనూ ఒకే స్థాయికి తెచ్చే సౌండ్ లెవెలింగ్ ఆన్ చేసి ఉంచాలి. లేకపోతే 1982 రికార్డింగు పక్కన 1992ది వచ్చినప్పుడు చెయ్యి వాల్యూమ్ మీదే ఉండాల్సి వస్తుంది. సీడీకి రాసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి పాటల్లో పొడుగువే ఎక్కువ, ఎనభై నిమిషాల ఖాళీ డిస్కులో కొత్తవి మూడు చేరిస్తే ఏవో తీసేయక తప్పదు. 'డెటొనేషన్ బూలెవార్డ్' పోయినా పట్టీ నడక దెబ్బతినదు. రెండు 'టెంపుల్'లలో ఒకటి తీయాల్సి వస్తే 1983ది ఉంచి రెండోదాన్ని 'ఓవర్‌బాంబింగ్' అసలు డిస్కు మీదే వినడం నయం.

ఇప్పుడు కొనాలా

2006లో మూడు స్టూడియో ఆల్బములూ అదనపు పాటలతో మళ్లీ వచ్చాయి. 'ఫస్ట్ అండ్ లాస్ట్' మీద 'పాయిజన్ డోర్', 'బ్లడ్ మనీ' లాంటి బి-సైడ్లు చేరాయి. 'ఫ్లడ్‌ల్యాండ్' మీద 'టార్చ్', 'కలర్స్', హాట్ చాక్లెట్ పాట 'ఎమ్మా' కవర్ చేరాయి. 'విజన్ థింగ్' మీద 'డాక్టర్ జీప్' పొడుగు రూపం దొరుకుతుంది. ఈ మూడూ ఉన్నవాళ్లకు 'ఓవర్‌బాంబింగ్'లో మిగిలే కొత్తదనం ప్రధానంగా నాలుగు ట్రాకులు: 'అండర్ ది గన్', 1992 'టెంపుల్', 'విజన్ థింగ్'కు కెనేడియన్ క్లబ్ రీమిక్స్, 'బాడీ అండ్ సోల్'. చివరిది ముఖ్యం. 1985 ఆల్బమ్‌లో లేదు, 2006 అదనపు పాటల్లోనూ లేదు. పాత ఈపీ వెతుక్కోలేనివాళ్లకు ఈ సంకలనం ఒక దారి. చార్టులో 46 దాటని పాట కోసం గ్రేటెస్ట్ హిట్స్ డిస్కు కొనుక్కోవడం ఈ బ్యాండు విషయంలో సహజమే.

'అండర్ ది గన్' గురించి రెండు మాటలు. బెర్లిన్ అనే అమెరికన్ బ్యాండు గాయని టెరి నన్ ఇందులో ఎల్డ్రిచ్‌తో పాడింది. ఆమె గొంతు 'టేక్ మై బ్రెత్ అవే'తో ప్రపంచానికి తెలుసు. పాట పొంగి పొంగి వస్తుంది, కోరస్ దగ్గర అచ్చమైన అమెరికన్ రేడియో రాక్ అయిపోతుంది. పాత అభిమానుల్లో ఎక్కువమందికి ఇది మింగుడు పడలేదు. కొంతమంది మాత్రం దీన్ని స్టైన్‌మన్ బాటకు కొనసాగింపుగా వింటారు, అలా వింటే అందం తెలుస్తుంది. బలహీనత పాటలో కన్నా అది నిలబడ్డ చోటులో ఉంది. డిస్కు తెరవగానే మొదట ఎదురయ్యేది బ్యాండు ధ్వనికి అన్నిటికన్నా దూరంగా ఉన్న పాట. పైగా అప్పుడు ఎవరూ ఊహించని విధంగా అదే బ్యాండు చివరి సింగిల్ అయింది.

రెండో భాగం

అట్ట మీద పూర్తి పేరు 'గ్రేటెస్ట్ హిట్స్ వాల్యూమ్ వన్'. ఒకటి అని రాస్తే రెండు వస్తుందని మాట ఇచ్చినట్టే. రెండు రాలేదు. ఎల్డ్రిచ్‌కూ ఈస్ట్ వెస్ట్ రికార్డు కంపెనీకీ మధ్య పేచీ ముదిరి, అతను కంపెనీకి రికార్డులు చేయడం మానేశాడు. దాన్ని సమ్మె అనే పిలిచాడు. 1997లో ఎస్ఎస్‌వీ అనే పేరుతో డ్రమ్స్ లేని ఎలక్ట్రానిక్ రికార్డింగు ఒకటి అప్పగించి ఒప్పందం నుంచి బయటపడ్డాడు. దాన్ని కంపెనీ విడుదల చేయలేదు. ఆ తర్వాత కూడా స్టూడియో ఆల్బమ్ లేదు. 1990 నాటి 'విజన్ థింగ్' తర్వాత ఇప్పటికీ లేదు.

అయితే పాటలు ఆగలేదు, రికార్డులు ఆగాయి. బ్యాండు యూరప్ అంతా తిరుగుతూనే ఉంది. 'సమ్మర్', 'క్రాష్ అండ్ బర్న్', 'విల్ ఐ డ్రీమ్?', 'వి ఆర్ ది సేమ్, సుజాన్' లాంటివి వేదిక మీదే పుట్టి వేదిక మీదే పెరిగాయి. 2019 నుంచి 'షో మీ ఆన్ ది డాల్', 'బెటర్ రెప్టైల్', 'ఐ విల్ కాల్ యు', 'బట్ జెనెవీవ్' వరుసగా చేరాయి. వీటిలో ఏదీ దుకాణంలో దొరకదు. అభిమానులు కచేరీ రికార్డింగులు పోల్చి చూసుకుంటారు: ఏ ఊళ్లో గొంతు ముందుకొచ్చింది, ఎక్కడ పొగ యంత్రాల మోతలో గిటార్ మునిగింది, ఏ ఏడాది చరణం మారింది. మంచి రూపం ఏదో తేల్చుకుని దాచుకుంటారు. కంపెనీ చేయాల్సిన పని శ్రోతల చేతికొచ్చింది, వాళ్లు దాన్ని శ్రద్ధగా చేస్తున్నారు.

అందుకే 'ఓవర్‌బాంబింగ్' మీద వాదన చల్లారదు. రెండో భాగం వచ్చి ఉంటే మొదటి దాని లోపాలు అందులో తీరేవి. 'ఆలిస్', 'మారియన్'లకు చోటు దొరికేది, రీమిక్స్ బదులు అసలు రూపం వచ్చేది. రాలేదు కాబట్టి మొదటి భాగమే ఆఖరి మాటలా మిగిలింది, ఒక్క పాట లేకపోవడం కూడా తీర్పులా వినిపిస్తోంది. కచేరీల్లో మాత్రం వరుస వేరు. రికార్డు కాని కొత్త పాట అయ్యాక 'ఆలిస్' రావచ్చు, దాని వెనకే 'డొమీనియన్' రావచ్చు, చివర్లో 'లుక్రీషియా' బేస్ మొదలవగానే హాలంతా ఒక్కసారి ముందుకు తోసుకొస్తుంది. డాక్టర్ అవలాంచ్ పొగలో ఎక్కడో మోగుతుంటాడు, తొలినాళ్లలో లాగే ఒక్క దరువు కూడా తప్పకుండా.